పంక్తి మొదలు కనిపించని రోజులు

నేను ప్రూఫ్ రీడర్‌ని. ఇరవై రెండేళ్లుగా అచ్చుకు వెళ్లబోయే పేజీల్లో తప్పులు పట్టడమే నా పని. 2022 జూన్‌లో ఒక పుస్తకం ప్రూఫు చూస్తుంటే ఒక చోట "దోషి అని కోర్టు తేల్చి అతన్ని వెంటనే విడుదల చేసింది" అని చదివాను. దోషి అయితే విడుదల చేయడమేమిటి అనుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. మర్నాడు రచయిత ఫోన్ చేసి, "అక్కడ నిర్దోషి అనే ఉంది కదమ్మా" అన్నారు. మళ్లీ చూశాను. నిజమే. పంక్తి మొదట్లో పడిన ఆ 'నిర్' నాకు కనిపించలేదు.

ఆ వారంలోనే 'అసాధ్యం' అన్న మాటను 'సాధ్యం' అని చదివాను. కళ్లద్దాల పవర్ మారిందేమోనని మార్పించుకున్నాను. తేడా ఏమీ లేదు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి తగలడం మొదలైంది. ఎడమ పక్క నుంచి ఎవరైనా వస్తే ఒక్కసారిగా ఎదుట ప్రత్యక్షమైనట్టుండి ఉలిక్కిపడేదాన్ని. తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ వచ్చేది, లేచి కాసేపు తిరిగితే తగ్గేది. వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను నా థైరాయిడ్‌తో కలిపి చూడలేదు.

థైరాయిడ్ క్యాన్సర్ నాకు 2012లో వచ్చింది. మెడలో గడ్డ, సూదితో పరీక్ష, పాపిల్లరీ క్యాన్సర్ అని రిపోర్టు. గ్రంథి మొత్తం తీసేశారు. తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చారు. థైరాయిడ్ కణాలు ఒంట్లోని అయోడిన్‌ను లాక్కుంటాయి కాబట్టి, రేడియోధార్మిక అయోడిన్ ఇస్తే అది మిగిలిపోయిన కణాల్లోకే వెళ్లి వాటిని చంపుతుంది. "క్యాన్సర్లలో ఇది మంచి క్యాన్సర్" అని అప్పుడు ఒక డాక్టరుగారు అన్నారు. ధైర్యం చెప్పడానికే అన్నారు, నాకు తెలుసు. పాపిల్లరీ వచ్చిన వాళ్లలో చాలామంది పూర్తిగా కోలుకుని నిండు జీవితం గడుపుతారన్నది కూడా వాస్తవమే. కానీ ఆ 'మంచి' అన్న మాట మా ఇంట్లో పదేళ్లు ఉండిపోయింది. చుట్టాలు పలకరించడం మానేశారు. నేనూ నా గురించి అడగడం మానేశాను.

ఇప్పుడు ఒక విషయం చెప్పాలి, చెప్పడం కష్టంగా ఉన్నా సరే. నా మొదటి బయాప్సీ రిపోర్టులో 'టాల్ సెల్ వేరియంట్' అన్న మాట ఉంది. పాపిల్లరీలో అది కొంచెం మొండి రకం. తిరిగి వచ్చే అవకాశం, అయోడిన్‌కు లొంగకుండా పోయే అవకాశం మామూలు పాపిల్లరీ కంటే దానికి ఎక్కువ. ఊళ్లోవాళ్ల పుస్తకాలన్నీ అక్షరం అక్షరం చదివిన నేను, నా సొంత రిపోర్టు రెండో పేజీ పదేళ్లు చదవలేదు.

2016లో మెడలో లింఫ్ గ్రంథులకు తిరిగి వచ్చింది. ఇంకో ఆపరేషన్. ఆ తర్వాత ఆరు నెలలకోసారి రక్తపరీక్షలు. థైరోగ్లోబ్యులిన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది, డాక్టర్లు టీజీ అంటారు. దాన్ని థైరాయిడ్ కణాలు తప్ప ఇంకేవీ తయారు చేయవు. గ్రంథి తీసేసిన మనిషి రక్తంలో అది ఉండకూడదు. పెరుగుతోందంటే ఒంట్లో ఎక్కడో ఆ కణాలు ఉన్నాయని అర్థం. నాది 2016 ఆపరేషన్ తర్వాత 0.4కి దిగింది. 2019లో 1.1, 2020లో 2.6, 2021లో 7. మెడ అల్ట్రాసౌండ్ బాగుంది. అయోడిన్ స్కాన్‌లో ఏమీ వెలగలేదు. "స్కాన్లు బాగున్నాయి, అంకెల గురించి టెన్షన్ పడకండి" అన్నారు. నేను పడలేదు.

2022 మార్చిలో అది 19కి వెళ్లింది. పెట్ స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో ఆవగింజంత మచ్చలు ఐదారు కనిపించాయి. చిన్నవి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. ఆ మూడు నెలల్లోనే నా పంక్తుల మొదళ్లు మాయమయ్యాయి.

పెట్ స్కాన్ తీసినా మెదడుకు పాకిన గడ్డ ఎందుకు కనిపించలేదని చాలామంది అడుగుతుంటారు. నేనూ అడిగాను. మామూలుగా ఆ స్కాన్ కపాలం అడుగు నుంచి తొడల మధ్య వరకే తీస్తారట. నా రిపోర్టు మొదటి వాక్యంలోనే ఆ మాట ఉంది. ఒకవేళ తల మొత్తం తీసినా, ఆ పరీక్ష చక్కెరను ఎక్కువగా వాడే కణాలను వెలిగించి చూపిస్తుంది. మెదడు ముఖ్యంగా చక్కెర మీదే నడుస్తుంది కాబట్టి అది మొత్తం వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగులో చిన్న గడ్డ దాక్కుంటుంది. మెదడును చూడాలంటే కాంట్రాస్ట్ అనే, బొమ్మ స్పష్టంగా కనిపించేలా చేసే మందు ఎక్కించి ఎమ్మారై తీయాల్సిందే.

నన్ను ఎమ్మారైకి పంపింది కంటి డాక్టరు. ఆవిడకు నేను రుణపడి ఉన్నాను. కళ్లు చూసి, కళ్లలో లోపమేమీ లేదన్నారు. అక్కడితో పంపించేసి ఉండవచ్చు. కానీ, "మీరు చదివేటప్పుడు ఏ పక్క పోతోంది?" అని అడిగారు. "ఎడమ పక్క" అన్నాను. "ఏ కన్ను మూసినా ఎడమ పక్కేనా?" అన్నారు. అప్పటిదాకా నేను ఒక్కో కన్ను మూసి చూసుకోనే లేదు. గిన్నెలా ఉన్న ఒక యంత్రంలో గడ్డం ఆనించి, చిన్న వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాగితం మీద ఫలితం వచ్చింది. రెండు వలయాలు, ఒక్కో కంటికి ఒకటి. రెండింటిలోనూ ఎడమ సగం నల్లగా ఉంది. "రెండు కళ్లలోనూ ఒకే పక్క పోయిందంటే లోపం కంట్లో ఉండదమ్మా. చూపును చదివే చోట, మెదడు వెనక భాగంలో ఉంటుంది. ఈరోజే ఎమ్మారై తీయించుకోండి" అన్నారు. మీకు ఇంతకు ముందు ఏదైనా జబ్బు ఉందా అని అప్పుడు అడిగారు. "థైరాయిడ్ క్యాన్సర్, కానీ అది..." అని ఆగిపోయాను. 'మంచిది' అన్న మాట నోటిదాకా వచ్చింది.

ఎమ్మారైలో కుడివైపు వెనక 3 సెంటీమీటర్ల గడ్డ, దాని చుట్టూ వాపు, లోపల కొంచెం రక్తస్రావం. ఎడమవైపు ముందు భాగంలో 6 మిల్లీమీటర్ల చిన్న చుక్క ఇంకొకటి. మా ఆయన రిపోర్టు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మాయి మాత్రం కాగితం తీసుకుని ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది.

థైరాయిడ్ క్యాన్సర్ మెదడుకు పాకడం అరుదు. పాపిల్లరీ, ఫోలిక్యులర్ రకాల్లో నూటికి ఒకరికి అటూ ఇటూగా జరుగుతుంది. ఎక్కువగా ఊపిరితిత్తులకు, ఎముకలకు వెళ్తుంది. మెదడుకు వెళ్లేసరికి చాలామందికి అప్పటికే ఊపిరితిత్తుల్లో ఉంటుంది, నాకు ఉన్నట్టే. అరుదు కాబట్టి ఇంకా ఏ లక్షణమూ లేనివాళ్లకు తలకు స్కాన్ తీయాలని ఎవరికీ తోచదు. దాన్ని తప్పనను. కానీ టీజీ పెరుగుతూ, అయోడిన్ స్కాన్‌లో ఏమీ కనిపించక, దానికి తోడు చూపులోనో మాటలోనో నడకలోనో కొత్త తేడా వస్తే, అప్పుడు ఆ మనిషే నోరు తెరిచి అడగాలి. నేను అడగలేదు.

న్యూరోసర్జన్ మొదట చెప్పిన మాట ఇది: "అమ్మా, మీకు మెదడు క్యాన్సర్ రాలేదు. మెదడులోకి వచ్చిన థైరాయిడ్ క్యాన్సర్ ఇది. రెండూ వేరు." ఆ తేడా ఎందుకు ముఖ్యమో తర్వాత అర్థమైంది. మందులు, అంచనాలు, జబ్బు నడిచే వేగం అన్నీ పుట్టిన చోటును బట్టే ఉంటాయి. తర్వాత బయటికి తీసిన గడ్డను పరీక్షిస్తే అందులోని కణాలు థైరోగ్లోబ్యులిన్ తయారు చేస్తున్నాయి. నా మెదడులో కూర్చుని కూడా అవి థైరాయిడ్ పనే చేస్తున్నాయి. రక్తంలో ఆ అంకెను పెంచిన వాటిలో అవీ ఉన్నాయి.

ఆపరేషన్‌కు ముందు వారం రోజులు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. అది గడ్డను తగ్గించదు, చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది. రెండో రోజుకే తలనొప్పి పోయింది. ఎడమ పక్క మసకగా ఏదో తెలియడం మొదలైంది. నయమైపోయిందేమో అని మా ఆయన ముఖంలో ఆశ చూశాను. దాని వెనకే రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది, ఆకలి విపరీతమైంది, చిన్న మాటకే ఏడుపొచ్చేది. మందు ఉదయం పూట వేసుకుంటే నిద్ర కొంత నయమని నర్సు చెప్పింది. ఆ మందును హఠాత్తుగా ఆపకూడదు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఈ సంగతి ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. ఫిట్స్ రాకుండా ఇంకో మాత్ర ఇచ్చారు. ఎమ్మారైలో ఎక్కించే మందులో అయోడిన్ ఉంటుందా, తర్వాత రేడియో అయోడిన్‌కు అడ్డొస్తుందా అని మా అమ్మాయి అడిగింది. ఎమ్మారై మందు గాడోలినియమ్, అందులో అయోడిన్ ఉండదు. సీటీ కాంట్రాస్ట్‌లో ఉంటుంది, అది ఎక్కిస్తే కొన్ని వారాలు ఆగాలి. మంచి ప్రశ్న అన్నారు డాక్టరుగారు. ఆ వారం రోజుల్లో మా అమ్మాయి నవ్వింది అప్పుడొక్కసారే.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. బోర్లా పడుకోబెట్టి తల వెనక నుంచి తెరిచారు, నాలుగు గంటలు పట్టింది. థైరాయిడ్ నుంచి వచ్చిన గడ్డలకు రక్తనాళాలు ఎక్కువ, రక్తస్రావం గురించి ముందే హెచ్చరించారు. ఏమీ జరగలేదు. మర్నాడు మెలకువలో మొదట వెతికింది గోడ గడియారాన్ని. పన్నెండు నుంచి ఆరు వరకు కనిపించాయి. తల తిప్పితే మిగతావీ కనిపించాయి.

మూడు వారాల తర్వాత రేడియో సర్జరీ. పేరులో సర్జరీ ఉన్నా కోత ఉండదు, గురిపెట్టి రేడియేషన్ ఇవ్వడమే. గడ్డ తీసిన ఖాళీ అంచుల్లో కంటికి కనిపించని కణాలు మిగులుతాయి, వదిలేస్తే అక్కడే మళ్లీ మొలుస్తాయి. ఆ అంచులకూ, రెండో చిన్న చుక్కకూ కలిపి ఒకే రోజు గామా నైఫ్ అనే యంత్రంతో ఈ చికిత్స చేశారు. తల మొత్తానికి రేడియేషన్ ఇవ్వచ్చు కదా అని అడిగాను. ఇస్తే జ్ఞాపకశక్తి దెబ్బతినే ప్రమాదం ఎక్కువ, ఒకటి రెండు చోట్లే ఉన్నప్పుడు గురిపెట్టి ఇవ్వడమే మేలు అన్నారు. మాటలతో బతికేదాన్ని, ఆ జవాబు నాకు చాలు.

ముందు రోజు రాత్రి మా అమ్మాయి నాకు చదివి వినిపించింది. స్వీడన్‌కు చెందిన లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ 1951లోనే ఈ ఊహను ప్రచురించాడట. సన్నని కిరణాలను అన్ని వైపుల నుంచి పంపి ఒక్క బిందువు దగ్గర కలిసేలా చేస్తే, దారిలో ఉన్న మెదడుకు పెద్ద హాని ఉండదు, కలిసిన చోట మాత్రం గడ్డ చచ్చిపోతుంది. ఇప్పటి గామా నైఫ్ యంత్రాల్లో ఆ కిరణాలను వెలువరించే 192 కోబాల్ట్ మూలాలు ఉంటాయి. ఇదంతా విన్నాక భయం తగ్గింది. పని ఎలా జరుగుతుందో తెలిస్తే నాకు ఎప్పుడూ భయం తగ్గుతుంది. మీకు తెలియకుండా ఉంటేనే బాగుంటుందంటే అదీ సరైనదే, అప్పుడు మీ బదులు ఇంట్లో ఒకరు తెలుసుకోవాలి.

తలకు లోహపు చట్రం బిగిస్తారు, నాలుగు చోట్ల మరలతో. మత్తు సూదులు వేసేటప్పుడు నొప్పి గట్టిగానే ఉంది, తర్వాత మరలు బిగించేటప్పుడు ఒత్తిడి తప్ప నొప్పి లేదు. యంత్రంలో గంటన్నర పడుకున్నాను. వెలుగు లేదు, వేడి లేదు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

మళ్లీ రేడియో అయోడిన్ ఎందుకు ఇవ్వలేదన్నది మా వాళ్లందరి ప్రశ్న. రెండు కారణాలు. ఒకటి, నా కణాలు అయోడిన్‌ను తీసుకోవడం మానేశాయి. స్కాన్‌లో వెలగలేదంటే లేవని కాదు, తినడం లేదని. రెండు, అయోడిన్ ఇచ్చే ముందు థైరాయిడ్ కణాలను ఉసిగొల్పే హార్మోన్ టీఎస్‌హెచ్‌ను బాగా పెంచాలి. మెదడులో గడ్డ ఉండగా అలా పెంచితే అది ఉబ్బి ప్రమాదం కావచ్చు. అయోడిన్ బాగా తీసుకునే గడ్డలున్న వాళ్లకు ముందు మెదడు సంగతి చూసి, స్టెరాయిడ్ రక్షణతో ఇస్తారు. నా దారి వేరే.

నా గడ్డలో బీరాఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉందని జన్యు పరీక్షలో తేలింది. దానికి గురిపెట్టే మందులు ఉన్నాయి, అవి తర్వాతి మెట్టుగా దాచుకున్నాం. ముందు లెన్వాటినిబ్ మొదలుపెట్టారు. అయోడిన్‌కు లొంగని థైరాయిడ్ క్యాన్సర్‌కు అమెరికాలో 2015లో అనుమతి వచ్చిన మాత్ర ఇది. గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టకుండా చేస్తుంది. అందుకే గాయం మానడం ఆలస్యం చేస్తుంది, రక్తస్రావం భయమూ ఉంటుంది. ఆపరేషన్ అయి ఏడు వారాలు గడిచి, ఎమ్మారైలో కొత్త రక్తం లేదని తేలాకే మొదటి మాత్ర ఇచ్చారు.

మొదటి వారంలోనే బీపీ 160/100. అంతకు ముందు నాకు బీపీ అంటే ఏమిటో తెలియదు. రోజూ రెండుసార్లు చూసుకుని రాయడం అలవాటైంది. బీపీ మాత్ర వేసి అదుపులోకి తెచ్చారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో నెలనెలా చూస్తారు. అరికాళ్లు మండేవి, విరేచనాలయ్యేవి, నీరసం ఎంతంటే పళ్లు తోముకుని మళ్లీ పడుకునేదాన్ని. రెండుసార్లు మోతాదు తగ్గించారు. మోతాదు తగ్గిస్తే ఓడిపోయినట్టు అనిపించి మొదట్లో బాధలు దాచేదాన్ని. మా ఆంకాలజిస్టు అది కనిపెట్టి, "మీరు ఓర్చుకుని ఓర్చుకుని చివరికి మానేసే మందు కంటే, తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వేసుకోగలిగే మందు మేలు" అన్నారు. అప్పటి నుంచి అన్నీ చెబుతున్నాను.

2023 ఏప్రిల్ గురించి రాయకుండా ఉండలేను. మూడు నెలలకోసారి తీసే ఎమ్మారైలో ఆపరేషన్ చేసిన చోట అంచు మళ్లీ వెలిగింది. గడ్డ తిరిగొచ్చిందా, రేడియేషన్ వల్ల అక్కడి కణజాలం చచ్చి వాచిందా తెలియదు. మామూలు ఎమ్మారైలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. రక్తప్రవాహాన్ని కొలిచే ఇంకో రకం ఎమ్మారై తీశారు. రక్తప్రవాహం తక్కువగా ఉంది, అంటే గడ్డ కాకపోవచ్చు, ఎనిమిది వారాలు ఆగి చూద్దామన్నారు. ఆ ఎనిమిది వారాలు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మా ఆయన రాత్రి లేచి నా దుప్పటి సర్దినట్టు చేసేవారు, ఊపిరి చూడటానికని నాకు తెలుసు. ఒక రాత్రి "నేను మేలుకునే ఉన్నాను" అన్నాను. ఆయన మంచం అంచున కూర్చుని ఏడ్చారు. పదకొండేళ్లలో ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను. అంతవరకూ ఇద్దరం ఒకరికొకరం ధైర్యం చెప్పుకుంటూ భయాన్ని విడివిడిగా మోశాం. ఆ రాత్రి తెల్లారేదాకా మాట్లాడుకున్నాం, నేను లేకపోతే ఏం చేయాలో కూడా. జూన్ ఎమ్మారైలో ఆ వెలుగు సగానికి తగ్గింది. గడ్డ కాదు.

ఇదే దారిలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క పని చేయండి. టీజీ విలువలను తేదీలతో ఒక పుస్తకంలో రాసుకోండి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించుకోండి, ల్యాబు మారితే పద్ధతి మారి అంకెలు పోల్చడానికి పనికిరావు. దానితో పాటు యాంటీ థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీలు కూడా చూడాలి, అవి ఉంటే టీజీ ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. ఒక అంకె చూసి భయపడక్కర్లేదు. వరసగా నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి, ఎన్ని నెలలకు రెట్టింపవుతోందో చూడండి. నావి అలా రాసి ఉంటే 2020లోనే తెలిసేది, ఏడాదికోసారి రెట్టింపు, తర్వాత అంతకంటే వేగం. ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, "స్కాన్లు బాగుంటే ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి?" అని అడగండి.

ఇప్పుడు నా ఎడమ పక్క కింది భాగం తిరిగి కనిపిస్తోంది. పైభాగం చీకటి పోలేదు, ఇక పోదన్నారు. నేను బండి నడపను. చదవడం మాత్రం మళ్లీ నేర్చుకున్నాను. చూపు పోయినవాళ్లకు శిక్షణ ఇచ్చే ఒకావిడ, పేజీ ఎడమ అంచు వెంబడి ఎర్రటి గీత గీసుకోమన్నారు. ప్రతి పంక్తి మొదట్లో ఆ ఎరుపు కనిపించేదాకా కళ్లు తిప్పాలి, ఎరుపు కనిపించాకే చదవడం మొదలుపెట్టాలి. మొదట్లో ఒక పేజీకి అరగంట పట్టేది. ఇప్పుడు గంటకు ఐదారు పేజీలు చూస్తున్నాను, అదీ ఉదయం పూటే. మాత్ర వేసుకున్న రోజుల్లో మధ్యాహ్నానికి ఓపిక ఉండదు.

మొన్నటి ఎమ్మారైలో మెదడులో కొత్తవేమీ లేవు. ఊపిరితిత్తుల్లోవి అలాగే ఉన్నాయి, పెరగలేదు. టీజీ 3.1. తర్వాతి స్కాన్ మూడు నెలలకు. నాకు పని ఇచ్చే ప్రచురణకర్త కొత్త పుస్తకం పంపారు. కట్ట విప్పి, మా అమ్మాయి వద్దన్నా వినకుండా, ముందుగా ప్రతి పేజీకీ ఎర్ర గీత గీసుకుంటున్నాను. రెండు వందల పన్నెండు పేజీలు.